అచ్చు అడ్వెంచర్‌ను సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించడం: నా అనుభవం

బల్ల చుట్టూ కూర్చుని పాచికలు వేస్తూ కథలో పాత్రలుగా ఆడే ఆటలకు కథను, చోట్లను, శత్రువులను అచ్చువేసి ఇచ్చే పుస్తకమే అడ్వెంచర్. ఆట మధ్యలో ఒక ఆటగాడు "నేను ఆ గంట కొడతా" అంటాడు. గంట ఉన్న గది వివరం పుస్తకంలో 31వ పేజీలో ఉంటుంది. మోత విని పరుగెత్తుకొచ్చే కాపలావాళ్లు 35వ పేజీలో, వాళ్ల స్టాట్ బ్లాక్ (బలాబలాల అంకెల పట్టిక) 60వ పేజీలో ఉంటాయి. వాళ్ల నాయకుడు ఆ మోతకు బయటికొస్తాడా, తలుపు గడియ పెట్టుకుని లోపలే ఉంటాడా అన్న సంగతి 12వ పేజీలో, కథ నేపథ్యంలో ఎక్కడో ఒక వాక్యంగా ఉంటుంది. నాలుగు వేళ్లు నాలుగు పేజీల మధ్య ఇరికించుకుని ఆట నడపడం ఎలా ఉంటుందో గేమ్ మాస్టర్‌గా, అంటే ఆట నడిపేవాళ్లుగా, కూర్చున్నవాళ్లకు చెప్పక్కర్లేదు.

అడ్వెంచర్‌ను సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించేది ఈ ఒక్క ఇబ్బంది తీర్చుకోవడానికే. పుస్తకం మొదటి నుంచి చివరిదాకా చదివే మనిషి కోసం పేర్చి ఉంటుంది. ఆట దగ్గర మనం చదవం, వెతుకుతాం. అందుకని అధ్యాయాలను ఉన్నవి ఉన్నట్టు తెచ్చి సాఫ్ట్‌వేర్‌లో అతికిస్తే వచ్చేది అదే పుస్తకం, కాకపోతే వేళ్లు పెట్టుకునే వీలు కూడా ఉండదు. పుస్తకాన్ని విడదీసి, ఆటలో వచ్చే ప్రశ్నల ప్రకారం మళ్లీ పేర్చాలి. శ్రమంతా అక్కడే ఉంది.

ఇక్కడ చెప్పేది ఐదో ఎడిషన్ డంజన్స్ అండ్ డ్రాగన్స్ నియమాలతో నడిచే 64 పేజీల అడ్వెంచర్ ఒకదాన్ని ఎక్కించిన పద్ధతి. రెండు అంతస్తుల పాడుబడ్డ కోటలో 27 గదులు, పక్క ఊళ్లో 9 చోట్లు, పేరున్న పాత్రలు 16, జీవుల రకాలు 11, పాచికల పట్టికలు 5, ఆటగాళ్ల చేతికిచ్చే హ్యాండౌట్లు 4. నోట్స్ అబ్సిడియన్ అనే నోట్స్ ప్రోగ్రామ్‌లో, ఆట నడపడం మ్యాపులు, పాచికలు తెర మీదకి తెచ్చే ఫౌండ్రీ వీటీటీలో. అబ్సిడియన్ నోట్స్ మన డిస్క్ మీదే మామూలు మార్క్‌డౌన్ ఫైళ్లుగా ఉంటాయి కాబట్టి రేపు ఆ ప్రోగ్రామ్ లేకపోయినా ఏ టెక్స్ట్ ఎడిటర్‌లోనైనా తెరుచుకుంటాయి. ఫౌండ్రీ మన మెషీన్ మీదే నడుస్తుంది, ఆటగాళ్లు బ్రౌజర్ ద్వారా కలుస్తారు. రోల్20, ఫాంటసీ గ్రౌండ్స్, వరల్డ్ ఆన్విల్, కాంకా లాంటి వేరే ప్రోగ్రాములు వాడేవాళ్లకు బటన్ల పేర్లు మారతాయి, పని మాత్రం ఇదే.

మొదటి పని, ఏమీ టైప్ చెయ్యకుండా పుస్తకం ఆసాంతం ఒకసారి చదవడం. చదువుతూ అంచున గుర్తులు పెట్టుకోవాలి: చోటు, మనిషి, జీవి, వస్తువు, ఆధారం, సంఘటన, పట్టిక. ఏడు గుర్తులు చాలు. ఈ మెట్టు దాటేసి 1వ పేజీ నుంచి టైప్ చేస్తూ పోతే, 3వ పేజీలో ముసుగు మనిషికి ఒక నోట్, 18వ పేజీలో ఊరి వడ్రంగికి ఒక నోట్ తయారవుతాయి. 44వ పేజీకి వచ్చాక ఇద్దరూ ఒకడేనని తెలుస్తుంది. అప్పటికి ఆ రెండు నోట్లకూ చెరో డజను లింకులు పడి ఉంటాయి.

రెండోది టెక్స్ట్ బయటికి తీయడం. కొన్న పీడీఎఫ్ ఉంటే కాపీ చేసుకోవచ్చు, కానీ కాపీ అయ్యింది కదా అని నమ్మకూడదు. రెండు కాలమ్‌ల పేజీల్లో ఎడమ కాలమ్ చివరి వరుసకు కుడి కాలమ్ మొదటి వరుస అంటుకుంటుంది. ఆటగాళ్లకు చదివి వినిపించే డబ్బా పక్క పేరా మధ్యలోకి దూరుతుంది. వరుస చివర విరిగిన పదాల్లో హైఫన్ మిగిలిపోతుంది కాబట్టి ఆ పదం వెతికితే దొరకదు. కొన్ని ఫాంట్లలో ఎఫ్, ఐ అక్షరాలు కలిసి ఒకే గుర్తుగా అచ్చవుతాయి. కాపీ చేస్తే ఆ జంట మాయమవుతుంది, లేదా వింత గుర్తుగా వస్తుంది.

శుభ్రం చేసే క్రమం ముఖ్యం. ముందు వరుస చివరి హైఫన్‌లను, ఆ వెంటనే వచ్చే కొత్త వరుసతో సహా తీసేయాలి. తర్వాత ఒంటరి కొత్త వరుసలన్నిటినీ ఖాళీగా మార్చాలి. రెండు వరసగా ఉన్నచోట పేరా విరుపు కాబట్టి ముట్టుకోకూడదు. ఈ రెండూ తారుమారు చేస్తే హైఫన్ తర్వాత ఖాళీ ఒకటి మిగిలిపోయి, ఆపైన అది విరిగిన పదమో అసలు హైఫనో తేల్చలేం. క్రమం సరిగ్గా ఉన్నా, నిజంగా హైఫన్ ఉండాల్సిన జంట పదాలు కొన్ని అతుక్కుపోతాయి. వాటిని కంటితో చూసి దిద్దుకోవడమే.

స్కాన్ చేసిన పాత పుస్తకమైతే ఇంకో గండం ఉంది. 1డి6 (ఆరు ముఖాల పాచిక ఒకటి) లోని ఒకటిని ఓసీఆర్ (బొమ్మలోంచి అక్షరాలు చదివే సాఫ్ట్‌వేర్) చిన్న ఎల్ అక్షరంగానో పెద్ద ఐ అక్షరంగానో చదువుతుంది. తెర మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఆటలో దాన్ని నొక్కితే పాచిక పడదు, ఎందుకో అర్థం కాదు. ఎల్ లేదా ఐ తర్వాత డి, ఆ తర్వాత అంకె వచ్చే చోట్లన్నీ రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌తో (నమూనా ఇచ్చి వెతికే పద్ధతి) ఒక్కసారి వెతికితే ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. సున్నాకు బదులు ఓ అక్షరం పడిన చోట్లు కూడా అప్పుడే చూసుకోవాలి.

పేర్ల సంగతి చిన్నదిగా కనిపిస్తుంది గానీ తర్వాత మార్చాలంటే నడుం విరుగుతుంది. గది నంబర్లు పుస్తకంలోవే ఉంచాలి, మ్యాప్ మీద అవే ఉంటాయి కాబట్టి. కాకపోతే రెండంకెలతో రాయాలి: 01, 02. ఒట్టి 1, 2 అని రాస్తే చాలా ప్రోగ్రాముల్లో 1, 10, 11, 2 అనే వరుసలో పేరుస్తాయి. ఈ కోటలో పై అంతస్తు గదులు మళ్లీ 1 నుంచే మొదలవుతాయి, పైగా "కాపలా గది" అన్న పేరుతో మూడు గదులున్నాయి. అందుకని కింది అంతస్తుకు కోకి, పై అంతస్తుకు కోపై, ఊరికి ఊ అని ముందు తగిలించాను. "కోకి-07 కాపలా గది" అంటే ఎక్కడ చూసినా ఒకటే అర్థం. అబ్సిడియన్‌లో ఫైలు పేరులో కోలన్, స్లాష్ గుర్తులు పనికిరావు. హాష్ గుర్తు, స్క్వేర్ బ్రాకెట్లు లింకులను విరగ్గొడతాయి. అందుకే నంబరుకు, పేరుకు మధ్య ఖాళీ మాత్రమే. పాత్రలకు మారుపేర్లుంటే ఫైలు పేరు అసలు పేరుతో పెట్టి, మిగతావి అలియాస్‌లుగా నమోదు చేస్తే వేటితో వెతికినా అదే నోట్ వస్తుంది.

ఇక గది నోట్. ఒక గదికి పుస్తకం ముప్పావు పేజీ ఇస్తుంది, ఆ ముప్పావులో గది చరిత్ర సగం. తలుపు తెరిచిన క్షణంలో ఆ చరిత్ర ఎవరికీ అక్కర్లేదు. ప్రతి గదికీ ఒకే వరుసలో ఈ భాగాలు పెట్టాను:

ఒక్క చూపులో: మూడు వాక్యాలు, అంతకు మించకూడదు.
చదివి వినిపించేది: పుస్తకంలోని డబ్బా యథాతథంగా.
ఇప్పుడు ఇక్కడ ఎవరు: సంఖ్య, ఏం చేస్తున్నారు, వాళ్ల నోట్‌కు లింక్.
దాగినవి: ఏది, ఎక్కడ, ఏ పరీక్ష, డీసీ (పాచికతో అందుకోవాల్సిన అంకె) ఎంత, తప్పితే ఏమవుతుంది.
దారులు: దిక్కు, తలుపు రకం, తాళం ఉందా, అవతల ఏ గది.
వస్తువులు: లింకులు.
చప్పుడైతే: ఎవరికి వినిపిస్తుంది, ఎన్ని రౌండ్లలో వస్తారు.
వెనక కథ: చిట్టచివర.

వీటిలో ఏదైనా ఆ గదికి లేకపోతే శీర్షిక తీసేయకుండా ఎదురుగా "లేదు" అని రాయాలి. శీర్షికే లేకపోతే, గదిలో నిజంగా ఏమీ దాగి లేదా, లేక ఎక్కించేటప్పుడు నేనే మరిచిపోయానా అన్న అనుమానం సరిగ్గా ఆటగాడు "గోడలు తడిమి చూస్తా" అన్నప్పుడే వస్తుంది. ఆ ఒక్క పదం పుస్తకం మళ్లీ తెరిచే అవసరాన్ని చాలాసార్లు తప్పించింది.

దారుల దగ్గర ఒక తనిఖీ. 7 నుంచి 9కి తలుపు ఉందని రాస్తే, 9 నోట్‌లో 7కి తలుపు ఉండాలి. అబ్సిడియన్‌లోని బ్యాక్‌లింక్ పేన్ తెరిస్తే ఎవరు ఎవరిని పిలుస్తున్నారో కనిపిస్తుంది. పుస్తకాలే ఇక్కడ తప్పులు చేస్తాయి: వచనంలో తలుపు తూర్పున ఉంటుంది, మ్యాప్‌లో ఉత్తరాన. ఆట మొదలయ్యాక ఆటగాళ్లు చూసేది మ్యాప్‌నే కాబట్టి అలాంటిచోట మ్యాప్‌నే నమ్మి వచనాన్ని మార్చాను.

గంట సంగతికి వద్దాం. గంట కోకి-04లో ఉంది. మోగితే 07, 09 గదుల కాపలావాళ్లు మూడు రౌండ్లలో, అంటే 18 సెకన్లలో వస్తారు. పుస్తకంలో ఈ ముక్క 04 కింద మాత్రమే ఉంది. ఆటగాళ్లు గంట మోగించి 09వైపే పరుగెత్తితే? ఆ నోట్ తెరిస్తే "ఆరుగురు పాచికలాడుతున్నారు" అని ఉంటుంది. అందుకని సంఘటనకు విడిగా ఒక చిన్న నోట్ రాసి, 04, 07, 09 మూడింటిలోనూ దాన్ని పొదిగాను. లింక్ ముందు ఆశ్చర్యార్థకం పెడితే అబ్సిడియన్ ఆ నోట్‌లోని వాక్యాలను అక్కడే చూపిస్తుంది. కాపీ చేసి మూడు చోట్ల అతికించడం కంటే ఇది మేలు, ఎందుకంటే మూడు రౌండ్లను ఐదు చేయాలనుకున్నప్పుడు ఒక్కచోట మారిస్తే చాలు. కాపీలైతే రెండు మార్చి మూడోది మరిచిపోవడం ఖాయం.

లింకులు ఎన్ని వేయాలన్న దాంట్లో చాలామంది అతి చేస్తారు. పేర్లు చూసి వాటంతటవే లింకులు వేసే సాధనాలు కొన్ని ఉన్నాయి. "కోట", "కాపలా" లాంటి మామూలు మాటలు నోట్ పేర్లయితే ప్రతి వాక్యమూ నీలం రంగు పూసుకుంటుంది. ఒక నోట్‌లో ఒక పేరు మొదటిసారి వచ్చినచోట మాత్రమే లింక్, అదీ అక్కడినుంచి వెళ్లే అవసరం నిజంగా ఉంటేనే. చుక్కలు, గీతలతో సాలెగూడులా కనిపించే గ్రాఫ్ చూడటానికి ముచ్చటగా ఉంటుంది. ఆట నడిపేటప్పుడు దాన్ని ఒక్కసారీ తెరవలేదు.

ఆధారాల దగ్గర మాత్రం ఎంత సమయం పెట్టినా దండగ కాదు. ప్రతి ఆధారానికీ ఒక నోట్, పైన మూడు ప్రాపర్టీలు: ఎక్కడ దొరుకుతుంది, ఏ నిజాన్ని చెబుతుంది, ఎలా బయటపడుతుంది. ఆ తర్వాత డేటావ్యూ అనే ప్లగిన్‌తో నిజాల వారీగా పట్టిక తీస్తే అడ్వెంచర్ అస్థిపంజరం కళ్ల ముందుకొస్తుంది. ఈ పుస్తకంలో ఆటగాళ్లు తేల్చుకోవాల్సిన నిజాలు ఐదు. నాలుగింటికి రెండు మూడు ఆధారాలున్నాయి. ఐదోది, వడ్రంగే ముసుగు మనిషి అన్నది, ఒకే ఒక్క ఉత్తరం మీద ఆధారపడింది. ఆ ఉత్తరం కోపై-05లో రహస్యపు అరలో ఉంది, డీసీ 17. అంటే ఒక్క పాచిక తప్పితే కథ అక్కడే ఆగిపోతుంది. ఒక్కో నిజానికి కనీసం మూడు ఆధారాలుండాలన్నది గేమ్ మాస్టర్లలో బాగా తెలిసిన సూత్రం. అది తెలిసీ పుస్తకం చదివినప్పుడు ఈ లోపం కంటపడలేదు, ఎందుకంటే చదివేవాడికి ఉత్తరం ఎలాగూ దొరుకుతుంది! పట్టికలో ఒకే వరుసగా కనిపించాకే తెలిసింది. వడ్రంగి కొట్లో కోట తాళంచెవి నమూనా ఒకటి, పట్టుబడ్డ కాపలావాడి నోటివెంట వచ్చే మాట ఒకటి కలిపి మూడు చేశాను. ఇలా నేను చేర్చిన వాటికి "నాది" అని ట్యాగ్ పెట్టాను. పుస్తకానిదేదో, నాదేదో కలిసిపోతే తర్వాత విడదీయలేం.

ఇక్కడికి రాత పని అయింది, ఆట నడిపే సాఫ్ట్‌వేర్ మొదలవుతుంది. ఫౌండ్రీలో జర్నల్ (నోట్స్ పెట్టే చోటు) పేజీ మార్క్‌డౌన్‌ను తీసుకుంటుంది, కాబట్టి నోట్‌ను అతికించవచ్చు. కానీ అబ్సిడియన్‌లో జంట స్క్వేర్ బ్రాకెట్లు అంటే లింక్, ఫౌండ్రీలో అవే పాచికల సూత్రం. గది పేరును పాచికలుగా వేయబోయి అది చతికిలపడుతుంది. అతికించే ముందు ఆ బ్రాకెట్లు తీసేసి, లింకులను ఫౌండ్రీ జాబితాలోంచి లాగి పేజీలో వదలాలి. ఇదే బ్రాకెట్ల దగ్గర ఇంకో మెలిక ఉంది: ఉచ్చు వల్ల అయ్యే గాయానికి బ్రాకెట్ల మధ్య ఒట్టి 2డి6 అని రాస్తే పేజీ తెరిచిన ప్రతిసారీ ముందే వేసిన కొత్త సంఖ్య కనిపిస్తుంది. ముందు రోల్ ఆదేశం చేరిస్తే నొక్కినప్పుడే పడుతుంది. కావలసింది రెండోది.

గదికి ఒక జర్నల్ కాదు, అంతస్తుకు ఒక జర్నల్, అందులో గదికొక పేజీ. 10వ వెర్షన్ నుంచి జర్నల్‌లో పేజీలు వచ్చాయి కాబట్టి ఇది కుదురుతుంది. ఆ పేజీని మ్యాప్ మీదకి లాగి వదిలితే అక్కడ ఒక గుర్తు వస్తుంది. ఆ గుర్తు మీద రెండుసార్లు నొక్కితే నోట్ తెరుచుకుంటుంది.

జీవుల స్టాట్ బ్లాక్‌లు చేత్తో కొట్టకండి. ఐదో ఎడిషన్ సిస్టమ్‌తో పాటే ఎస్ఆర్‌డీ (ప్రచురణకర్త ఉచితంగా ఇచ్చే నియమాల పత్రం) జీవులు కంపెండియంలో (ఫౌండ్రీలో సరుకు భద్రపరిచే అర) వస్తాయి. ఈ అడ్వెంచర్‌లోని 11 రకాల్లో 8 అక్కడే దొరికాయి, మిగతా మూడు దగ్గరి జీవిని కాపీ చేసి మార్చినవి. ఎస్ఆర్‌డీ 5.1ను 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ సీసీ-బై 4.0 కింద విడుదల చేశారు కాబట్టి, ఆ భాగాన్ని మూలం పేర్కొని ఎవరితోనైనా పంచుకోవచ్చు. కొన్న అడ్వెంచర్ వచనం, మ్యాపులు అలా కాదు. అవి ఎక్కించుకోవడం మన ఆట వరకే.

టోకెన్ల (మ్యాప్ మీద కదిపే పాత్రల బొమ్మలు) దగ్గర అందరూ ఒకసారైనా పడే గొయ్యి "లింక్ యాక్టర్ డేటా" అనే చిన్న గడి. యాక్టర్ అంటే ఆ పాత్ర లేదా జీవి వివరాలున్న పత్రం. 12వ గదిలో ఆరు గాబ్లిన్‌లు. ఒక్కోదానికి ఏసీ (దెబ్బ తగలాలంటే పాచికతో అందుకోవాల్సిన అంకె) 15, హిట్ పాయింట్లు (ప్రాణబలం) 7. ఆ గడిలో టిక్ ఉంటే ఆరు టోకెన్లూ ఒకే గాబ్లిన్ లెక్క: ఒకదాన్ని కొడితే ఆరింటికీ తగ్గుతాయి. కాబట్టి గుంపుగా వచ్చేవాటికి టిక్ తీసేయాలి. పేరున్న పాత్రకు సరిగ్గా తలకిందులు. టిక్ లేకపోతే ఊళ్లో గాయపడి పారిపోయిన నాయకుడు కోటలో నిండు హిట్ పాయింట్లతో నవ్వుతూ ఎదురొస్తాడు. ఈ మార్పు మ్యాప్ మీద టోకెన్లు వేయకముందే ప్రోటోటైప్ టోకెన్‌లో (కొత్త టోకెన్లు తయారయ్యే మూస) చెయ్యాలి, ఎందుకంటే అప్పటికే వేసినవాటికి ఆ మార్పు అందదు.

మ్యాపులు. గడులున్న మ్యాప్‌కు లెక్క సులువు: అడ్డంగా 60 గడులు, గడికి 100 పిక్సెళ్లు అనుకుంటే బొమ్మ వెడల్పు 6000 పిక్సెళ్లు ఉండాలి. 5970 ఉంటే గీతలు ఎడమన సరిగ్గా కూర్చుని, కుడికి పోయేకొద్దీ పక్కకు జారతాయి. అమరిక సరిచేసే పరికరంతో కుస్తీ పట్టేకంటే ముందే ఏదైనా బొమ్మల ఎడిటర్‌లో అంచులు కత్తిరించి, కచ్చితమైన కొలతకు మార్చడం తేలిక. పాత అడ్వెంచర్లలో చాలా మ్యాపులు గడికి 10 అడుగుల లెక్కన గీసినవి. ఐదో ఎడిషన్ పోరాటం 5 అడుగుల గడి మీద నడుస్తుంది కాబట్టి అచ్చులోని ఒక గడి తెర మీద నాలుగవ్వాలి. మరిచిపోతే పది అడుగుల నడవలో ఇద్దరు పక్కపక్కన నిలబడలేరు, సీసాలో ఇరుక్కున్నట్టు ఆట బిగుసుకుపోతుంది.

బొమ్మ ఫైలు చిన్నదైతే తేలికని అనుకోవడం పొరపాటు. వెబ్‌పీ అనే బొమ్మల ఫార్మాట్‌లోకి మారిస్తే ఆటగాళ్లకు త్వరగా దిగుతుంది, అంతవరకే. దిగాక గ్రాఫిక్స్ మెమరీలో పిక్సెల్‌కు 4 బైట్ల చొప్పున పూర్తిగా విప్పుకుంటుంది. 60కి 40 గడుల మ్యాప్ గడికి 100 పిక్సెళ్లతో 6000కి 4000, అంటే 96 మెగాబైట్లు. అందంగా ఉంటుందని 140 పిక్సెళ్లకు పెంచితే 8400కి 5600, దాదాపు 188 మెగాబైట్లు. పాత ల్యాప్‌టాప్‌తో వచ్చే ఆటగాడికి నల్లటి తెర కనిపించేది ఇందుకే. రెండు అంతస్తులను ఒకే సీన్‌లో (ఫౌండ్రీ ఒకసారి తెర మీద చూపించే మ్యాప్) పక్కపక్కన పెట్టకుండా రెండు సీన్లు చేసింది కూడా అందుకే.

వెలుతురులో ఒక్క మాట. దివిటీ 20 అడుగులు బాగా వెలుగుతుంది, ఆపై మరో 20 అడుగులు మసకగా. ఫౌండ్రీలో మసక వ్యాసార్ధాన్ని మధ్యలోంచి కొలుస్తారు కాబట్టి అక్కడ 40 అని రాయాలి. 20, 20 రాసిన దివిటీకి మసక అంచే ఉండదు.

పట్టికల్లో శతాంశ పాచికల గోల ఒకటుంది. అచ్చులో చివరి వరుస "96–00" అని ఉంటుంది. అలాగే కొడితే పరిధి తలకిందులై ఆ వరుస ఎప్పటికీ పడదు, 96 నుంచి 100 అని రాయాలి. ఎక్కించాక ప్రతి పట్టికనూ ఇరవైసార్లు వేసి చూడండి. ఖాళీ ఫలితం వచ్చిందంటే మధ్యలో ఎక్కడో అంకె జారిందని అర్థం.

ఇక గుట్టు రట్టవడం. నోట్ దాచడం అందరికీ తెలుసు. ఫౌండ్రీలో నాలుగు మెట్లున్నాయి, ఏమీ లేదు, పరిమితం, చూడగలడు, సొంతదారు అని. పేజీకి పేజీ విడిగా పెట్టొచ్చు, పేజీలోపల రహస్య భాగాలూ పెట్టొచ్చు. గుట్టు బయటపడేది మాత్రం ఇక్కడ కాదు, పేర్లలో. సీన్ పేరు పైన పట్టీలో కనిపిస్తుంది. "వడ్రంగి స్థావరం" అని ఉంటే కథ అయిపోయినట్టే. సీన్‌లో ఆటగాళ్లకు కనిపించే పేరు విడిగా రాసే చోటుంది, అక్కడ "నేలమాళిగ" అని పెట్టండి. టోకెన్ పేరు కూడా యాక్టర్ పేరుతో సంబంధం లేకుండా మార్చుకోవచ్చు. బొమ్మ ఫైలు పేరు ఇంకా దొంగది: బ్రౌజర్‌లో బొమ్మ చిరునామా చూడటం తెలిసిన ఆటగాడికి ఆ పేరు కనిపిస్తుంది. అందుకని పాత్రల బొమ్మలకు పా-01, పా-02 అని నంబర్లే. మ్యాపుల్లో గేమ్ మాస్టర్ ప్రతి, ఆటగాళ్ల ప్రతి వేరువేరుగా ఉంటే రెండోదే ఎక్కించాలి, రహస్య తలుపు గుర్తులు, గది నంబర్లు దాంట్లో ఉండవు. ఒకే ప్రతి ఉంటే ఆ గుర్తుల మీద పక్క గోడ రంగు పూయడం తప్పదు. అన్నీ అయ్యాక ఆటగాడి ఖాతాతో మరో బ్రౌజర్‌లో లాగిన్ అయి పది నిమిషాలు తిరగాలి. దీనికి మించిన పరీక్ష లేదు.

మొత్తం ఎక్కించాకే ఆడాలని పట్టుబడితే మాత్రం ఆట ఎప్పటికీ మొదలవ్వదు. నాలుగు గంటల ఆటలో మేం దాటేది ఆరు నుంచి ఎనిమిది గదులు. కాబట్టి ఆధారాల పట్టిక, పాత్రలు మొత్తం ముందే పూర్తి చేసి, గదులను మాత్రం రాబోయే ఆటకు సరిపడా పదేసి చొప్పున ఎక్కించాను. అలవాటయ్యాక గది నోట్ ఒకటి 12 నిమిషాలు పడుతోంది, గోడలు, తలుపులు, వెలుగులతో ఒక అంతస్తు మ్యాప్ రెండు గంటలు. ఆట ముందు రోజు నాకు నేనే ఐదు ప్రశ్నలు వేసుకుంటాను: ఈ తాళంచెవి ఎవరి దగ్గరుంది, 11లో ఎవరికి చప్పుడు వినిపిస్తుంది, ఇలాంటివి. పది సెకన్లలో జవాబు తెర మీదకి రాకపోతే ఆ నోట్ మళ్లీ పేర్చాలి. ఆటగాళ్లు దాగినవి వాటంతటవే గమనించే పాసివ్ పర్సెప్షన్ లెక్క, 10కి వాళ్ల బోనస్ కలిపితే వచ్చేది, గది నోట్‌లో కలపలేదు. లెవెల్ పెరిగితే మారిపోతుంది కాబట్టి అది పక్కన ఒక చిన్న పట్టికగా ఉంటే చాలు.

చివరి ఏర్పాటు, పుస్తకంలో ఉన్నదీ ఆటలో జరిగిందీ వేరువేరుగా ఉంచడం. గది నోట్‌లో "ఆరుగురు కాపలావాళ్లు" అన్నదాన్ని చెరిపి "చచ్చారు" అని రాయకూడదు. పైన ప్రాపర్టీగా "స్థితి: ఖాళీ, 3వ ఆట" అని ఒక్క వరుస; ఏం జరిగిందన్న కథ ఆట నంబరుతో ఉన్న విడి నోట్‌లో, అక్కడినుంచి గదికి లింక్. ఫౌండ్రీలో ఇదే పని కంపెండియం చేస్తుంది: ముట్టని కాపీ కంపెండియంలో, దెబ్బలు తినే కాపీ ప్రపంచంలో (ఫౌండ్రీలో ఈ జట్టు ఆట నడిచే చోటు). దీనివల్ల వేగం కూడా కలిసొస్తుంది. ప్రపంచంలో ఉన్న జర్నళ్లు, యాక్టర్లన్నీ లాగిన్ అయిన ప్రతి ఆటగాడి బ్రౌజర్‌లోకి దిగుతాయి. కంపెండియంలో ఉన్నవాటి జాబితా మాత్రమే దిగుతుంది. ఆటగాళ్లు దాటేసిన అంతస్తును ప్రపంచంలోంచి తీసి, స్థితితో సహా మరో కంపెండియంలో దాచాను. అది చేశాక లాగిన్ తేలికైంది.

ఫౌండ్రీ పెద్ద వెర్షన్ మారేటప్పుడు ప్రపంచం ఫోల్డర్ మొత్తం కాపీ తీసుకోకుండా అప్‌డేట్ బటన్ ముట్టుకోవద్దు. మాడ్యూళ్లు (ఫౌండ్రీకి తగిలించుకునే అదనపు ముక్కలు) కొత్త వెర్షన్‌కు అందుకోవడానికి వారాలు పడుతుంది, వెనక్కి రావడానికి ఆ కాపీ ఒక్కటే దారి. రెండో జట్టుతో ఇదే కోటను మొదలుపెట్టినప్పుడు పని అరగంటలో తేలింది: కొత్త ప్రపంచం, కంపెండియం నుంచి దించుకోవడం, అబ్సిడియన్ ఫోల్డర్ కాపీలో "స్థితి" వరుసలన్నీ ఖాళీ చేయడం. నేను చేర్చిన రెండు ఆధారాలూ "నాది" ట్యాగ్‌తో అలాగే ఉన్నాయి.